వోల్టేజీ డిప్ కొడితే మీ మిల్లు ఏం చేస్తుంది? ఏ లోడ్ మోడల్ ఎవరికి పనికొస్తుంది

మే నెల సాయంత్రం. చిలకలూరిపేట రోడ్డులో ఒక చిన్న స్పిన్నింగ్ మిల్లు. పడమర నుంచి గాలి లేచింది, ఎక్కడో దూరాన ఉరిమింది. షెడ్డులో లైట్లు ఒక్కసారి మసకబారి మళ్లీ మామూలుగా వెలిగాయి. వోల్టేజీ డిప్ అంటే ఇదే, క్షణకాలం వోల్టేజీ పడి మళ్లీ లేవడం. ఆ కాస్తలోనే నూలు వడికే రింగ్ ఫ్రేమ్‌లు కొన్ని ఆగిపోయాయి. ఒక్కో ఫ్రేమ్ మీద వెయ్యికి పైగా స్పిండిళ్లు ఉంటాయి కాబట్టి తెగిన దారాలు అతికేసరికి షిఫ్టు సగం అయిపోతుంది. పక్కనున్న ఫ్రేమ్‌లు మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉన్నాయి.

షిఫ్ట్ ఫిట్టర్ నా దగ్గరికొచ్చి అడిగాడు: "ఒకే షెడ్డు, ఒకే ట్రాన్స్‌ఫార్మర్. 7వ నంబరు ఆగింది, 8వది ఆగలేదు. మీ కంప్యూటర్ ఏమంటోంది సార్?"

నా కంప్యూటర్ ఏమీ అనలేదు. వోల్టేజీ మారితే మిల్లు లాగే పవర్ ఎలా మారుతుందో చెప్పేదే లోడ్ మోడల్. అందులో మిల్లు మొత్తాన్ని నేను ఒకే ముద్దగా, ఒక సూత్రంగా పెట్టుకున్నాను. వోల్టేజీ పడితే లోడ్ కొంచెం తగ్గుతుంది, వోల్టేజీ లేస్తే మళ్లీ లేస్తుంది అని అది నున్నటి గీత గీసిచ్చింది. మెయిన్ ప్యానెల్ దగ్గర పెట్టిన రికార్డర్‌లో మాత్రం లోడ్ మూడింట ఒక వంతు నిట్టనిలువుగా తెగి కింద పడింది, వోల్టేజీ తిరిగొచ్చినా లేవలేదు.

ఆ మిల్లు తర్వాత లోడ్ మోడల్ ఎంచుకునే పద్ధతే మార్చుకున్నాను. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల మిల్లుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో, ఫ్యాక్టరీల్లో డిప్ కొడితే ఏమవుతుందో స్టడీ చేయించాలనుకునేవాళ్ల కోసం, కొత్తగా ఈ పనిలోకి వచ్చిన ఇంజనీర్ల కోసం నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. "ఏ మోడల్ మంచిది" అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. ఎవరు అడుగుతున్నారు, ఏ ప్రశ్నకు అన్నది తేలాలి. మిల్లు యజమానికి కావాల్సింది "డిప్ కొట్టినప్పుడు నా మెషిన్లలో ఏది ఆగుతుంది" అన్నది. పెద్ద మోటార్లున్న ప్లాంటు ఇంజనీరుకు "వోల్టేజీ తిరిగొచ్చాక మోటార్ మళ్లీ వేగం అందుకుంటుందా, అక్కడే కూలబడుతుందా" అన్నది. గుణదల విద్యుత్ సౌధలో కూర్చుని రాష్ట్ర గ్రిడ్ చూసేవాళ్లకు "ఈ ఫీడర్ల మీది లోడంతా కలిసి గ్రిడ్‌ను ఇంకా కిందికి లాగుతుందా" అన్నది. ఈ మూడింటికీ ఒకే మోడల్ సరిపోదు.

స్టాటిక్ మోడళ్లు: జిప్, ఘాతాంక మోడల్

అన్నిటికంటే చవక, అందరికీ మొదట దొరికేది జిప్. లోడ్‌లో కొంత స్థిర ఇంపెడెన్స్, కొంత స్థిర కరెంట్, కొంత స్థిర పవర్ అని పంచుతాం. వోల్టేజీ 80 శాతానికి పడిందనుకోండి. ఇంపెడెన్స్ వాటా 64 శాతం పవరే లాగుతుంది. కరెంట్ వాటా 80 శాతం. పవర్ వాటా మాత్రం పట్టుబట్టి 100 శాతమే లాగుతుంది, అందుకోసం కరెంటును 125 శాతానికి పెంచుతుంది. ఘాతాంక మోడల్ కూడా ఇదే సరుకు, సంచి వేరు. మూడు వాటాల బదులు ఒక ఘాతాంకం. పెద్ద పారిశ్రామిక మోటార్లకు పాఠ్యపుస్తకాల్లో కనిపించే విలువలు యాక్టివ్ పవర్‌కు (నిజంగా పని చేసేది) 0.05, రియాక్టివ్ పవర్‌కు (అయస్కాంత క్షేత్రం కోసం వచ్చిపోయేది) 0.5. అంటే వోల్టేజీ కొద్దిగా తగ్గినా మోటార్ లాగే యాక్టివ్ పవర్ దాదాపు కదలదు.

రోజువారీ లోడ్ ఫ్లో, కెపాసిటర్ బ్యాంక్ సైజు, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ ఎక్కడ పెట్టాలి లాంటి పనులకు ఇది బాగా పనికొస్తుంది. వోల్టేజీ 90 శాతం పైన ఉన్నంతవరకు నేనూ దీన్నే వాడతాను. అంతకంటే కిందికి వెళ్తే నమ్మను.

ఇక్కడ ఒక గుంట ఉంది, చాలామంది పడతారు. ఓపెన్‌డీఎస్‌ఎస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో లోడ్‌ను స్థిర పవర్ అని పెట్టి వదిలేస్తే, వోల్టేజీ 95 శాతం కంటే తగ్గగానే సాఫ్ట్‌వేర్ దాన్ని తనంతట తానే స్థిర ఇంపెడెన్స్‌గా మార్చేస్తుంది. డిఫాల్ట్ అలా ఉంది. లెక్క కుదరకుండా పోకూడదని పెట్టిన ఏర్పాటు అది, తప్పేం కాదు. మీకు తెలియకపోతే మాత్రం, వోల్టేజీ 60 శాతానికి పడినప్పుడు ఫ్యాక్టరీ ఎంత బుద్ధిగా లోడ్ తగ్గించుకుందో చూశారా అని రిపోర్టులో రాసేస్తారు. ఫ్యాక్టరీ తగ్గించుకోలేదు, సాఫ్ట్‌వేర్ తగ్గించింది. పీఎస్‌ఎస్‌ఈ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో కూడా స్థిర పవర్ లోడ్‌కు 70 శాతం దగ్గర ఇలాంటి మలుపే ఉంటుంది. కొత్త ప్రాజెక్ట్ తెరవగానే నేను మొదట చూసేది ఈ అంకెనే.

స్థిర పవర్ అంటే మరీ భయపడాల్సినంత ఉందా అంటే, ఉంది. 1987 జులై 23న టోక్యోలో మండుటెండ. మధ్యాహ్నం భోజనాల తర్వాత లోడ్ గబగబా పెరిగింది. వోల్టేజీ తగ్గినా ఏసీలు లాగే పవర్ తగ్గలేదు, కరెంటే పెరిగింది, దాంతో వోల్టేజీ ఇంకా జారింది. 8 వేల మెగావాట్లకు పైగా లోడ్ పోయింది, 28 లక్షల వినియోగదారులు చీకట్లో పడ్డారు. బెజవాడ ఎండల్లో ఇన్వర్టర్ ఏసీలు, ఫ్యాక్టరీల్లో వీఎఫ్‌డీలు (మోటార్ వేగం మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్‌లు) ఏటా పెరుగుతున్న మనకు ఇది పాత కథేం కాదు.

మోటార్ డైనమిక్ మోడల్

మన దగ్గర పారిశ్రామిక లోడ్ అంటే ముప్పాతిక మువ్వీసం ఇండక్షన్ మోటారే. దాని టార్క్ (తిప్పే బలం) వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. ఒక లెక్క చూద్దాం. 100 హెచ్‌పీ కంప్రెసర్ మోటార్, ఫుల్ లోడ్‌లో ఉంది. దాని గరిష్ఠ టార్క్ రేటెడ్ టార్క్‌కు 2.2 రెట్లు. వోల్టేజీ 60 శాతానికి పడితే టార్క్ 36 శాతానికి వస్తుంది. అంటే ఆ మోటార్ ఎంత గింజుకున్నా 0.79 రెట్లే ఇవ్వగలదు. కంప్రెసర్ అడిగేది 1. తేడా 0.21. ఇనర్షియా స్థిరాంకం (తిరిగే బరువు వేగాన్ని ఎంత నిలుపుకుంటుందో చెప్పే అంకె) అర సెకను అనుకుంటే సెకనుకు కనీసం 21 శాతం చొప్పున వేగం పడిపోతుంది. 0.3 సెకన్ల డిప్‌లో 6 శాతానికి పైగా పోతుంది. గరిష్ఠ టార్క్ ఒక్క స్లిప్ (సింక్రనస్ వేగం కంటే మోటార్ వెనకబడిన మేర) దగ్గరే వస్తుంది కాబట్టి నిజంగా పోయేది ఇంకా ఎక్కువే.

ఇక్కడివరకు పర్వాలేదు, వోల్టేజీ పూర్తిగా తిరిగొస్తే మోటార్ కోలుకుంటుంది. కానీ అదే ఫీడర్ మీద ఇలాంటివి ముప్పై ఉన్నాయనుకోండి. అన్నీ ఒకేసారి వేగం అందుకోవడానికి స్టార్టింగ్ కరెంటుకు దగ్గరగా లాగుతాయి. వోల్టేజీ 80 శాతం దగ్గరే వేలాడుతుంది. డిప్‌కు కారణమైన ఫాల్ట్ (లైన్‌లో షార్ట్) తీసేసినా వోల్టేజీ వెంటనే లేవకపోవడం అంటే ఇదే. స్టాటిక్ మోడల్‌కు ఇది ఎప్పటికీ కనపడదు, ఎందుకంటే దానికి జ్ఞాపకం లేదు. ఈ క్షణం వోల్టేజీ ఎంతో దానికి సరిపడా పవర్ చెబుతుంది, అంతే.

పోతే, ఈ మోడల్‌కు డేటా కావాలి. నేమ్ ప్లేట్ మీద రోటర్ రెసిస్టెన్స్ ఉండదు. కంపెనీ డేటా షీట్‌లో లాక్డ్ రోటర్ కరెంట్, గరిష్ఠ టార్క్, ఫుల్ లోడ్ స్లిప్ దొరికితే మిగతావి అంచనా కట్టుకోవచ్చు. రెండుసార్లు రీవైండింగ్ అయిన మోటార్‌కు ఆ డేటా షీట్ జాతకం లాంటిది, నమ్మాలా వద్దా మీ ఇష్టం. ఇనర్షియా అన్నిటికంటే మోసం చేస్తుంది. ఫ్లైవీల్ ఉన్న పాత అమ్మోనియా కంప్రెసర్‌కూ, కపుల్ చేసిన చిన్న పంపుకూ ఒకే విలువ పెట్టిన రిపోర్టులు చూశాను.

ఎవరికి పనికొస్తుందంటే, జగ్గయ్యపేట వైపు సిమెంట్ ప్లాంట్ల లాంటి చోట్ల. అక్కడ పెద్ద మోటార్లు హెచ్‌టీ (హై టెన్షన్) మీద నడుస్తాయి, బ్రేకర్ కంట్రోల్‌కు డీసీ బ్యాటరీ ఉంటుంది. కాబట్టి డిప్ కొట్టగానే మోటార్ లైన్ నుంచి ఊడిపోదు, అండర్ వోల్టేజ్ రిలే టైమర్ అయ్యేదాకా గ్రిడ్‌ను పట్టుకునే ఉంటుంది. అది కోలుకుంటుందా, స్టాల్ అవుతుందా (కూలబడుతుందా), రిలే టైమర్ ఎంత పెట్టాలి అన్నవి నిజమైన ప్రశ్నలు. డైనమిక్ మోడల్ మీద పెట్టే ప్రతి రూపాయీ గిట్టుబాటవుతుంది.

ట్రిప్ పట్టిక: నేను ముందు చేయమనేది

415 వోల్టుల మోటార్ల మిల్లు సంగతి వేరు. అక్కడ వ్యవహారం మోటార్ స్టాల్ అయ్యేదాకా వెళ్లదు. దానికంటే ముందే కాంటాక్టర్ (మోటార్‌కు కరెంటు కలిపే, తెంచే విద్యుదయస్కాంత స్విచ్) వదిలేస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఏసీ కాయిల్ కాంటాక్టర్ రేటెడ్ వోల్టేజీలో 85 శాతం ఉంటే కచ్చితంగా పట్టాలి, 75 నుంచి 20 శాతం మధ్య ఎక్కడో ఒకచోట వదిలేయాలి. ఆ ఎక్కడో అన్నది బ్రాండ్‌కు బ్రాండ్‌కు, కొత్తదానికి పాతదానికి మారుతుంది. ఆచరణలో చాలావరకు 50, 70 మధ్య వదులుతాయి, అదీ కరెంటు ఒకటి రెండు సైకిళ్లలోనే (ఒక్కోటి సెకనులో యాభయ్యో వంతు). లక్షల ఖరీదు మెషిన్ ఆగాలా వద్దా తేల్చేది వెయ్యి రూపాయల కాయిల్.

అందుకే సాఫ్ట్‌వేర్ తెరవకముందు ఒక నోటుపుస్తకం పట్టుకుని షెడ్డంతా తిరగమంటాను. ప్రతి మెషిన్‌కూ రాసుకోవాల్సింది: కంట్రోల్ వోల్టేజీ ఎంత, ఏ ఫేజ్ నుంచి తీశారు, కాంటాక్టరా వీఎఫ్‌డీయా, వీఎఫ్‌డీ అయితే దాని లోపలి డీసీ బస్ అండర్ వోల్టేజ్ సెట్టింగ్ ఎంత, ఆగితే తనంతట తాను లేస్తుందా, మనిషి వచ్చి బటన్ నొక్కాలా. వీలైతే షట్‌డౌన్ రోజు వేరియాక్ (వోల్టేజీ పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) పెట్టి నాలుగు కాయిళ్లు ఎక్కడ వదులుతున్నాయో పరీక్షించండి. ఈ పట్టికే ఒక మోడల్. దీనిలో సమీకరణాలు లేవు కాబట్టి కన్సల్టెంట్లు దీన్ని చిన్నచూపు చూస్తారు. నేనూ చూసేవాణ్ణి.

వీఎఫ్‌డీ గురించి ఒక్క ముక్క. ట్రిప్ అయ్యేదాకా అది స్థిర పవర్ లోడ్, ట్రిప్ అయిన క్షణం నుంచి సున్నా. మధ్యలో మెట్టు లేదు. 415 వోల్టుల సప్లై మీద డీసీ బస్ సుమారు 560 వోల్టులు. లోపలున్న కెపాసిటర్ ఫుల్ లోడ్‌లో దాన్ని మిల్లీసెకన్లు మాత్రమే మోస్తుంది. కైనెటిక్ బఫరింగ్ ఆన్ చేస్తే తిరుగుతున్న లోడ్ నుంచే శక్తి వెనక్కి లాక్కుని ఇంకాస్త నిలబడుతుంది. చాలా డ్రైవ్‌లలో ఆ సెట్టింగ్ ఉంటుంది, మెనూలోకి వెళ్లి ఆన్ చేసినవాళ్లు తక్కువ.

7వ నంబరు, 8వ నంబరు

ఫిట్టర్ తన డైరీలో ఆగిన మెషిన్ల నంబర్లు రాసిపెట్టాడు. 1, 4, 7, 10, 13. మూడేసి దాటుకుంటూ. అది చూడగానే నాకు విషయం తట్టింది, కొంచెం సిగ్గు కూడా వేసింది. అవి పాత ఫ్రేమ్‌లు, కంట్రోల్ 230 వోల్టులు, ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య. వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్ లోడ్ బ్యాలెన్స్ కోసం ఒకటి ఆర్, ఒకటి వై, ఒకటి బి అని వరసగా పంచుకుంటూ పోయాడు. ఆగినవన్నీ ఆర్ ఫేజ్ మీదివే.

గాలివానకు కొమ్మ తగిలి 33 కేవీ లైన్‌లో ఒక ఫేజ్ భూమికి తగిలిందనుకోండి. ఆ మిల్లుకు 11 కేవీ సప్లై. అంటే మధ్యలో రెండు డెల్టా-స్టార్ ట్రాన్స్‌ఫార్మర్లు, సబ్‌స్టేషన్‌లో ఒకటి, మిల్లులో ఒకటి. ఈ కనెక్షన్ ఒక ఫేజ్ మీద పడ్డ దెబ్బను మిగతా ఫేజులకూ పంచుతుంది. ఫాల్ట్ దగ్గర ఆ ఫేజ్ పూర్తిగా సున్నా అయినా, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు దాటి మన ప్యానెల్‌కు వచ్చేసరికి ఒక ఫేజ్ 33 శాతం, మిగతా రెండూ 88 శాతం ఉంటాయి. అదే నేరుగా 33 కేవీ తీసుకునే ప్లాంటులో ఒక్క డెల్టా-స్టారే కాబట్టి రెండు ఫేజులు 58 శాతానికి పడి, మూడోది నిండుగా ఉంటుంది. ఒకే ఫాల్ట్, రెండు ప్లాంట్లలో రెండు రూపాలు.

ఆ సాయంత్రం రికార్డర్‌లో ఆర్ ఫేజ్ సగానికి పడింది, వై, బి 90 శాతం దగ్గర ఉన్నాయి. పాజిటివ్ సీక్వెన్స్ (మూడు ఫేజులనూ కలిపి ఒకే సమతూక అంకెగా చూడటం) లెక్క కడితే 75 శాతం. నా మోడల్ చూసింది ఆ ఒక్క 75నే. ఏ ఫేజ్ మీదా నిజంగా లేని అంకె అది! వీఎఫ్‌డీలు ఎందుకు నిలబడ్డాయంటే, అవి చూసేది ఫేజ్‌కూ ఫేజ్‌కూ మధ్య వోల్టేజీ. వై-బి మధ్య అది దాదాపు చెక్కుచెదరలేదు.

కాబట్టి ఎల్‌టీ (415 వోల్టుల లో టెన్షన్) ప్లాంటులో ఏది ఆగుతుందో తెలుసుకోవాలంటే మూడు ఫేజులూ విడివిడిగా చూపే టూల్ కావాలి. ఓపెన్‌డీఎస్‌ఎస్ ఉచితం, మూడు ఫేజులూ చేస్తుంది. దానికి ట్రిప్ పట్టికను స్క్రిప్టుగా తగిలిస్తే మధ్యతరగతి మిల్లుకు అంతకుమించి అక్కర్లేదని నా అభిప్రాయం. ఈటాప్, పవర్‌ఫ్యాక్టరీ మీ కన్సల్టెంట్ దగ్గర ఉంటే అవీ చేస్తాయి, హాయిగా చేస్తాయి. దీనికోసమే లైసెన్స్ కొనక్కర్లేదు.

కాంపోజిట్ మోడల్, ఈఎంటీ

కాంపోజిట్ మోడల్ అంటే ఫీడర్ మీదున్న రకరకాల మోటార్లు, ఎలక్ట్రానిక్ లోడ్, స్టాటిక్ లోడ్, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, లైన్ అన్నీ కలిపి ఒకే పెట్టెలో పెట్టడం. అమెరికా పశ్చిమ గ్రిడ్ వాళ్లు రూపొందించి వాడుతున్న దానిలో పారామీటర్లు వందకు పైనే. గ్రిడ్ ప్లానింగ్ వాళ్లకు ఇది తప్పదు. ఒక్క మిల్లుకు మాత్రం వద్దు. వంద పారామీటర్లలో మీకు తెలిసేవి పది, మిగతావి ఎవరిదో ఊరి డిఫాల్ట్‌లు. జవాబు వస్తుంది, ఎవరి జవాబో తెలియదు.

పీఎస్‌క్యాడ్ లాంటి ఈఎంటీ (ఎలక్ట్రోమాగ్నెటిక్ ట్రాన్సియెంట్) సిమ్యులేషన్ సైకిల్‌ను ముక్కలు ముక్కలుగా లెక్క కడుతుంది. ఆర్క్ ఫర్నేస్, పెద్ద డ్రైవ్‌లు, సోలార్ ఇన్వర్టర్లు ఒకే బస్ మీద ఉండి ఒకదాన్నొకటి ట్రిప్ చేస్తున్నాయన్న అనుమానం ఉంటే దానికి వెళ్లండి. లేకపోతే దారి ఖర్చు దండగ.

ఫ్రీక్వెన్సీ సంగతి

వోల్టేజీ ఊరిది, ఫ్రీక్వెన్సీ దేశానిది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాదిన గ్రిడ్ కుప్పకూలినప్పుడు మనకు సెగ తగల్లేదు, అప్పటికి దక్షిణాది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ వేరు. 2013 డిసెంబర్ 31న కలిపారు. ఇప్పుడు ఎక్కడో పెద్ద యూనిట్ ట్రిప్ అయితే ఆ కుదుపు మన మోటార్ల వేగంలోనూ ఉంటుంది. ఫ్యాన్, సెంట్రిఫ్యూగల్ పంపు అయితే ఫ్రీక్వెన్సీ 1 శాతం తగ్గితే పవర్ దాదాపు 3 శాతం తగ్గుతుంది. రెసిప్రొకేటింగ్ కంప్రెసర్ అయితే 1 శాతమే. వీఎఫ్‌డీ పెట్టేస్తే సున్నా, దానికి గ్రిడ్ ఫ్రీక్వెన్సీతో పనే లేదు. ఒక్క మిల్లు యజమాని దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు. లోడ్ డిస్పాచ్ వాళ్లు పడాలి, పడుతున్నారు కూడా.

మరి మీకేది

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీ అయితే ఏ మోడలూ కొనకండి. గదుల్లో చలి గంటల తరబడి నిలుస్తుంది, కంప్రెసర్ పది నిమిషాలు ఆగితే సరుకు చెడదు. మీ సమస్య ఆగడం కాదు, అందరూ కలిసి లేవడం. కరెంటు రాగానే అదే ఫీడర్ మీదున్న స్టోరేజీలన్నీ ఒకేసారి స్టార్ట్ చేస్తే మళ్లీ ఫీడర్ పడుతుంది. కంప్రెసర్లకు వరస టైమర్లు పెట్టుకుని, సెక్షన్ ఏఈ గారితో ఒకసారి మాట్లాడితే పని అయిపోతుంది.

స్పిన్నింగ్ మిల్లు అయితే ట్రిప్ పట్టిక, మూడు ఫేజుల టూల్. సిమెంట్, పెద్ద హెచ్‌టీ మోటార్లుంటే డైనమిక్ మోడల్. ఆటోనగర్ వర్క్‌షాపుకు నోటుపుస్తకం చాలు. కొండపల్లి ఐడీఏలో (పారిశ్రామికవాడలో) ఉన్నవాళ్లు "పక్కనే ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ ఉంది కదా, మాకు డిప్‌లేంటి" అంటుంటారు. చిమ్నీ కనపడటం వేరు, మీ ఫీడర్ ఏ సబ్‌స్టేషన్ నుంచి ఎన్ని కిలోమీటర్లు వస్తోందన్నది వేరు. అక్కడి ఫాల్ట్ లెవెల్ (షార్ట్ అయితే ఎంత కరెంటు పారగలదో) అడిగి తెచ్చుకోండి. అది లేకుండా ఏ మోడల్‌కైనా కాళ్లుండవు.

ఎవరైనా సరే ఒక ఏప్రిల్, మే, జూన్ మెయిన్ ఇన్‌కమర్ దగ్గర పవర్ క్వాలిటీ రికార్డర్ అద్దెకు పెట్టించండి. బిల్లింగ్ మీటర్ నిమిషాల లెక్కన సగటు రాస్తుంది, 0.2 సెకన్ల డిప్ దాని కంటికి ఆనదు. ట్రిగ్గర్ 90 శాతం దగ్గర పెట్టి, మూడు ఫేజుల వోల్టేజీ, కరెంటు వేవ్‌ఫామ్ సేవ్ అయ్యేలా చూడండి. రికార్డర్ గడియారాన్ని సబ్‌స్టేషన్ లాగ్‌బుక్ టైముతో సరిచూసుకోండి, లేకపోతే ఏ డిప్ ఏ లైన్‌దో తర్వాత తేల్చలేరు.

ఆ మిల్లులో చివరికి చేసింది ఇంతే: ఆర్, వై, బి అని పంచిన కంట్రోల్ వైర్లన్నీ తీసి ఒక చిన్న యూపీఎస్ మీదికి మార్చాం, ఎమర్జెన్సీ స్టాప్ మాత్రం దాన్ని కూడా కట్ చేసేలా ఉంచాం. తర్వాతి గాలివానకు ఫిట్టర్ ఫోన్ చేశాడు. "7 ఆగలేదు సార్. 11 ఆగింది." 11వది యూపీఎస్ మీదికి మార్చడం మర్చిపోయారట.